వార్తల్లో పదం: సమాజ సేవ

2024 మేలో పుణెలో పోర్షే కారు ఢీకొని ఇద్దరు మరణించారు. కారు నడిపాడన్న ఆరోపణ ఉన్న మైనర్‌కు 300 పదాల వ్యాసం రాయాలనే షరతుతో బెయిలు ఇవ్వడంపై దేశమంతా మండిపడింది. ఆ ఆగ్రహంలో చట్టంలోని సమాజ సేవ అనే మంచి ఏర్పాటు మరుగున పడకూడదు.

జువెనైల్ జస్టిస్ చట్టం-2015లోని 18వ సెక్షన్ ప్రకారం, తప్పు చేసినట్లు తేలిన బాలలను జువెనైల్ జస్టిస్ బోర్డు మందలించి ఇంటికి పంపవచ్చు, కౌన్సెలింగ్ ఇప్పించవచ్చు, సమాజ సేవ చేయించవచ్చు, మూడేళ్లకు మించకుండా ప్రత్యేక గృహంలో ఉంచవచ్చు. సమాజ సేవ పద్నాలుగేళ్లు దాటినవారికే. పార్కు బాగోగులు చూడటం, వృద్ధులకు తోడుండటం, ఆసుపత్రిలో సాయపడటం, ట్రాఫిక్ వాలంటీర్‌గా పనిచేయడం లాంటివన్నీ ఇందులోకి వస్తాయి.

బడికి లేదా వృత్తి శిక్షణ కేంద్రానికి వెళ్లాలని కూడా బోర్డు ఆదేశించవచ్చు. సంరక్షణ గృహంలో 18 ఏళ్లు నిండి బయటికొచ్చినవారు సమాజంలో నిలదొక్కుకునేందుకు ఆర్థిక సాయానికి 46వ సెక్షన్ వీలు కల్పిస్తోంది. కొన్ని మినహాయింపులు తప్ప, పాత కేసు ఉద్యోగానికి అనర్హత కాకూడదని 24వ సెక్షన్ చెబుతోంది.

2024 జులై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ న్యాయ సంహిత పెద్దలకూ కొన్ని చిన్న నేరాల్లో సమాజ సేవను శిక్షగా చేర్చింది.

అయితే తప్పు చేసిన కుర్రాడితో పార్కు ఊడ్పించి పంపేస్తే సరిపోదు. అతనికి వైరింగో, మోటారు రిపేరో చేతికి అబ్బాలి. ఆ పనిలో పెట్టుకునే యజమాని దొరకాలి. ఆ రెండూ చూసే బాధ్యత ప్రభుత్వానిది, మనందరిదీ.