పదహారు మీటల పెట్టె

పార్లమెంటు ఎన్నికల్లో కాగితపు బ్యాలెట్‌ను తప్పించిన ఎలక్ట్రానిక్ ఓటింగ్ యంత్రం, అనగా ఈవీఎం, పుట్టుకలో హైదరాబాదుదే: ఎన్నికల సంఘం 1977లో చేసిన ఆలోచనను అందుకొని ఇక్కడి ఈసీఐఎల్ సంస్థ 1979లో నమూనాను సిద్ధం చేయగా, 1980 ఆగస్టు 6న దానిని రాజకీయ పక్షాల ముందు ప్రదర్శించారు. ఓటరు ముందుండే బ్యాలెట్ యూనిట్‌పై పదహారు మీటలుంటాయి. తీగతో దానికి కలిసి, పోలింగ్ అధికారి వద్ద ఉండే కంట్రోల్ యూనిట్ అనుమతిస్తే తప్ప ఓటు పడదు, ఒకసారి పడ్డాక మళ్ళీ అనుమతి వచ్చేదాకా ఏ మీట ఎన్నిసార్లు నొక్కినా లెక్కకు రాదు. బ్యాటరీతో నడుస్తుంది గనుక కరెంటు లేని ఊరైనా దానికి అడ్డు కాదు.

అడ్డు చట్టం నుంచి వచ్చింది. 1982 మేలో కేరళలోని పరవూరు శాసనసభ స్థానంలో 50 పోలింగ్ కేంద్రాల్లో యంత్రాన్ని వాడగా, చట్టంలో బ్యాలెట్ పత్రానికే తప్ప యంత్రానికి చోటు లేదని 1984లో సుప్రీంకోర్టు ఆ కేంద్రాల పోలింగును రద్దు చేసింది. ప్రజాప్రాతినిధ్య చట్టానికి 61ఎ సెక్షన్ చేరేదాకా, అంటే 1989 వరకు, తయారైన యంత్రాలకు ఎన్నికల్లో పని లేకపోయింది. లోక్‌సభ స్థానాలన్నిటా అవి వాడుకలోకి రావడానికి 2004 దాకా ఆగవలసి వచ్చింది.

యంత్రం పరిమాణాన్ని నిర్ణయించేది ఓటర్ల సంఖ్య కాదు, అభ్యర్థుల సంఖ్య. ఆ సంగతిని తెలంగాణ రైతులు నేర్పినంత గట్టిగా మరెవరూ నేర్పలేదనవచ్చు. ఫ్లోరైడ్ నీటి గోడు వినిపించడానికి 1996లో నల్లగొండ లోక్‌సభ స్థానంలో 480 మంది బరిలో నిలవగా, బ్యాలెట్ పత్రం పుస్తకమంత అయి పోలింగు వాయిదా పడింది. ఆ ఏడాదే లోక్‌సభ అభ్యర్థి ధరావతును 500 రూపాయల నుంచి 10,000కు పెంచారు. అయినా 2019 ఏప్రిల్ 11న జరిగిన నిజామాబాదు లోక్‌సభ పోలింగుకు పసుపు, ఎర్రజొన్న రైతులు పెద్ద సంఖ్యలో నిలబడడంతో అభ్యర్థులు 185 మంది అయ్యారు. నాలుగు యూనిట్లకు, అంటే 64 పేర్లకు మించి మోయలేని పాత ఎం2 రకం అక్కడ చాలక, 24 యూనిట్ల దాకా కలుపుకోగల ఎం3 రకాన్ని తెచ్చి, ప్రతి కేంద్రంలో పన్నెండేసి యూనిట్లను పేర్చారు. ఆ లెక్కన ఎం3 హద్దు ‘పైవారెవరూ కాదు’ అనే నోటాతో కలిపి 384. నల్లగొండ నాటి జాబితా వస్తే అదీ చేతులెత్తేస్తుంది.

ఓటు ఎవరికి పడిందో ఏడు సెకన్లపాటు అద్దంలోంచి చీటీ చూపించే వీవీప్యాట్, సుప్రీంకోర్టు 2013 తీర్పు తర్వాత దశలవారీగా వచ్చి 2019కి అన్ని లోక్‌సభ స్థానాలకూ చేరింది. యూనిట్ల లెక్క మాత్రం పాతదే: 2024 మే 13న షాబాద్ మండలంలోని చందనవెల్లి ఓటర్లు చేవెళ్ల లోక్‌సభ స్థానానికి ఓటు వేసినప్పుడు బరిలో 43 మంది ఉన్నారు; నోటాతో 44 గనుక మూడు యూనిట్లు అవసరమయ్యాయి, మూడో దానిలో చివరి నాలుగు మీటలు పేరూ గుర్తూ లేకుండా మిగిలాయి.