పగ కాదు, బెంగ!

పొద్దున ఇంటికి తాళంవేసి వెళ్ళి, సాయంత్రం తలుపు తీసేసరికి చెప్పులు చీలికలై, దిండులోని దూది ఇల్లంతా పరుచుకుని, తలుపు మీద గోళ్ళగీతలు కనిపిస్తే ఎవరికైనా ఒళ్ళు మండుతుంది. మూల నక్కిన కుక్కను చూసి, "వదిలి వెళ్ళామని పగబట్టింది; చేసింది తప్పని దానికీ తెలుసు" అంటాం. ఈ రెండు మాటల్లో ఏదీ నిజం కాదు.

మోత్కూర్ వంటి ఊళ్ళలో కుక్కకు వాకిలే ఇల్లు. అరుగుమీద పడుకుంటుంది, బర్రెల వెంట చెలకకు పోతుంది. ఇంటివాళ్ళు లేకపోయినా చుట్టూ ఊరుంటుంది. అదే కుక్కను పట్నం తీసుకుపోయి, మూడో అంతస్తులో పగలంతా తాళంపెడితే? వేల ఏండ్లుగా మనిషి నీడన బ్రతికిన ప్రాణి అది.

హంగరీ రాజధాని బుడాపెస్టులో శాస్త్రజ్ఞులు 51 కుక్కలమీద జరిపిన ఒక పరీక్ష 1998లో వెలువడింది. పసిపిల్లలకు తల్లిమీద ఉండే మమకారాన్ని తెలుసుకునే పరీక్షే అది. కొత్తగదిలో యజమాని దగ్గరుంటే కుక్కలు ధైర్యంగా ఆడుకున్నాయి. వెళ్ళిపోతే తలుపు దగ్గర నిలబడ్డాయి. పిల్లలు పెట్టుకునే బెంగ వంటిదే ఇదీ! అందుకే ఎక్కువగా పాడయ్యేవి మనం దాటివెళ్ళిన తలుపు, మన వాసన అంటిన వస్తువులు. ఆ అల్లరి కూడా చాలావరకు మనం వెళ్ళిన అరగంటలోపే మొదలవుతుంది.

మరి ఆ దొంగచూపు సంగతేమిటి? అమెరికాలో అలెగ్జాండ్రా హొరోవిట్జ్ అనే శాస్త్రజ్ఞురాలు 14 కుక్కలను పరీక్షించి, 2009లో దాని గుట్టు విప్పింది. వద్దన్న తిండిని ముట్టని కుక్క కూడా, యజమాని గద్దించగానే అదే చూపు చూసింది! అది పశ్చాత్తాపం కాదు, మన కోపానికి భయం. గంటల తర్వాత కొడితే ఎందుకు కొట్టారో దానికి తెలియదు. బెంగకు భయం తోడవుతుంది, అంతే.

అయితే ప్రతి అల్లరీ బెంగ కాదు. పిల్లకుక్కకు పళ్ళదురద, వయసుకుక్కకు పొద్దుపోకపోవడం, దీపావళి టపాకాయల బెదురూ కారణాలు కావచ్చు.

మందు ఏమిటంటారా? వెళ్ళేముందు బాగా తిప్పి తీసుకురండి. జొన్నరొట్టె ముక్కలు మూలమూలలా దాచితే వెతుక్కుంటూ కాలక్షేపం చేస్తుంది. మొదట ఒక నిమిషం, తర్వాత ఐదు, పది నిమిషాలు విడిచి అలవాటు చేయండి. అది బెదిరితే మళ్ళీ వెనక్కు తగ్గండి. పోయేటప్పుడూ వచ్చేటప్పుడూ హడావిడి వద్దు. తగ్గకపోతే పశువైద్యునికి చూపించండి.

కుక్కను వదిలి స్వర్గానికైనా రానన్నాడు ధర్మరాజు. మనకు ఉద్యోగానికి పోక తప్పదు. తిరిగి వస్తామన్న నమ్మకమైనా దానికి కలిగించవద్దూ!