మేతకోతకు తగిన పనిముట్టు

పల్నాటి సీమలో, నాగార్జునసాగరమునకు 11 కిలోమీటర్ల దూరమున, చంద్రవంక వాగు 70 అడుగుల ఎత్తునుండి లోయలోనికి దూకుచున్నది. అదియే ఎత్తిపోతల. జలపాతమును చూడవచ్చిన యాత్రికుల కన్నులకు అచ్చటి రాతిపొరలు పండుగ చేయును. ఆ చుట్టుప్రక్కల సేద్యము చేసికొను రైతునకు మాత్రము ఆ రాయియే కొడవలి అంచును మొద్దుపరచును, యంత్రపు బ్లేడును విరుచును. మాచర్ల నాపరాతికి పుట్టినిల్లయిన ఈ ప్రాంతమున మేతకోత పనిముట్టును ఎన్నుకొనువారు అంగడిలోని ధరకు ముందు తమ చేలోని నేలను చూడవలసి యున్నది.

చిన్న రైతు కుటుంబములలో గేదెలకు మేత కోసి తెచ్చు పని చాలవరకు స్త్రీలదే. ఆ శ్రమను తగ్గించు యంత్రము ఇంటికి వచ్చుట మంచిదే. అయితే అప్పుచేసి కొన్న యంత్రము ఏటికి పది దినములు నడచి తక్కిన దినములు కొట్టములో మూలబడియున్నచో, అది శ్రమను తగ్గించుటకు మారు వడ్డీని పెంచును. చవుక యనగా తక్కువ ధర కాదు. మన పనికి చాలినంత, మన పనికి మించనంత. ఈ ప్రసంగమున మేము చెప్పదలచినది ఇంతే.

మొదట కోయవలసినది ఎంతయో లెక్కించుకొందము. పాడిగేదె ఒక్కింటికి దినమునకు సుమారు 25 నుండి 30 కిలోల పచ్చిమేతయు, 5 లేక 6 కిలోల ఎండుమేతయు కావలెను. రెండు గేదెలున్న ఇంటికి 60 కిలోల పచ్చిమేత చాలును. నీరు, ఎరువు తగినంతగా ఉన్నచో హైబ్రిడ్ నేపియర్ గడ్డి ఒక కోతకు చదరపు మీటరున 4 కిలోలైనను వచ్చును. ఆ లెక్కను నాటికి కోయవలసిన మడి 15 చదరపు మీటర్లు మాత్రమే. అనగా అర సెంటు కూడ కాదు. కోసిన చోట 45 దినములకు మరల కోత వచ్చును గనుక, 17 సెంట్ల మడిని వంతులవారీగా కోసికొనుచు పోవచ్చును. ఈపాటి పనికి పెట్రోలు యంత్రమెందులకు? మంచి కొడవలి చాలును.

కొడవలిలోను భేదము లున్నవి. సన్నని గడ్డికి, వరికి కక్కు పెట్టిన కొడవలి మేలు. అది కాడను పట్టి లాగి కోయును. నేపియర్, జొన్న వంటి లావు కాడలకు నున్నని అంచుగల బరువైన కొడవలి కావలెను. నున్నని అంచును ఇంటనే రాతిపై సాన పట్టుకొనవచ్చును. కక్కు అరిగినచో కమ్మరియొద్దకు పోక తప్పదు. ఒక్క కొడవలితో అన్నింటిని కోయుటకంటె రెండింటిని ఉంచుకొనుట చేతికి సుఖము. ఇట్టి ఇంటివారు యంత్రమునకై కూడబెట్టిన సొమ్మును మేతను ముక్కలు చేయు చాఫ్ కట్టరుపై వెచ్చించుట ఉత్తమము. ముక్కలు చేయని లావు కాడలను గేదె నమలక త్రొక్కి పారవేయును.

మేత ఎకరమునకు మించినప్పుడు, లేదా పది పశువులున్నప్పుడు, భుజమునకు తగిలించుకొని నడుపు బ్రష్ కట్టరు ఆలోచింపదగినది. దీనిలో రెండు స్ట్రోకుల ఇంజను తేలికైనది. కాని పెట్రోలులో ఆయిలు కలిపి పోయవలెను. ఎంత కలుపవలెనో యంత్రముతో వచ్చిన పుస్తకము చెప్పును. ఆ పాలు తప్పినచో ఇంజను చెడును. నాలుగు స్ట్రోకుల ఇంజనుకు ఈ కలుపుడు పని లేదు. ఆయిలు వేరుగా ఉండును. బరువు కొంత హెచ్చు. అంగడిలో ఎత్తి చూచుట చాలదు. అరగంటసేపు తగిలించుకొని నడచి చూడవలెను. ఇంటిలో దానిని నడుపువారెవరో వారే తగిలించుకొని చూచుట న్యాయము.

ఇంజనుకంటె ముఖ్యమైనది దాని కొనను తిరుగు బ్లేడు. నైలాను త్రాడు గట్లపై పచ్చికకు సరిపోవును గాని నేపియర్ కాడను తెగవేయలేదు. దానికి పండ్లుగల గుండ్రని ఉక్కు బ్లేడు కావలెను. ఆ ఉక్కు బ్లేడే రాళ్ళనేలలో ప్రమాదకరము. అది రాతిని తాకినప్పుడు రాయి తుపాకి గుండువలె ఎగురును. కనుక నడుపువాని చుట్టును 15 మీటర్ల దూరములో మనిషి గాని పశువు గాని ఉండరాదు. కంటికి అద్దములు, కాలికి బూట్లు, బ్లేడుపై కాపు, ఈ మూడింటిలో ఒకటి లోపించినను యంత్రమును ముట్టరాదు. నేలకు నాలుగైదు అంగుళముల ఎత్తున కోసినచో బ్లేడునకు రాయి తగులుట తగ్గును. మోడునుండి పిలకలును బాగుగ వచ్చును.

ఇక నడిపించుకొని పోవు రీపరు మాట. 1831లో అమెరికాలోని వర్జీనియాలో మెకార్మిక్ ప్రదర్శించిన కోతయంత్రమునకు ఇది వారసురాలు. ముందుకు వెనుకకు ఆడు కత్తుల పట్టీతో పైరును కోసి ఒక ప్రక్క వరుసగా పరచును. చదునైన వరిచేలలో దీని పని సొంపు. 1967లో సాగరు కుడికాలువకు నీరు వదలిన పిదప పల్నాటిలో వరి పండు భూములు పెరిగినవి. ఆ పల్లపు భూములలో ఇది రాణించును. ఎత్తిపోతల చుట్టుప్రక్కల మిట్టపల్లములలో కత్తులు విరిగి మరమ్మతు ఖర్చు మీదపడును. ఇట్టిదానిని ఒక్కరు కొనుటకంటె నలుగురు కలిసి కొనుటయో, అద్దెకు తెచ్చుకొనుటయో వివేకము. వరిగడ్డిని కట్టలు కట్టు ట్రాక్టరు బేలరు విషయమును అంతే.

అద్దె మేలో, కొనుబడి మేలో తేల్చు లెక్క సులభమైనది. యంత్రము ధర 24,000 రూపాయలు, ఆయువు ఆరేండ్లు అనుకొందము. ఏటికి 4,000 రూపాయల అరుగుదల. ఏట 200 గంటలు నడిపినచో గంటకు 20 రూపాయలు. 40 గంటలే నడిపినచో గంటకు 100 రూపాయలు. దీనికి పెట్రోలు, బ్లేడ్లు, మరమ్మతు, వడ్డీ కలుపుడు. వచ్చిన మొత్తము అద్దెకు మించినచో కొనవలదు.

వేగము పెరిగినచోట మరొక జాగ్రత్త అవసరము. జనుము, పిల్లిపెసర వంటి ఎండుమేతను పూతదశలో కోసి, నీడపట్టున గాని పలుచగా పరచి గాని, ఆకు రాలకుండ ఆరబెట్టవలెను. పచ్చిమేతలో నూటికి 75 నుండి 80 పాళ్ళు నీరే. అది 15 పాళ్ళకు దిగనిదే వామి వేసినచో బూజు పట్టును. కనుక ఒకనాడు ఆరవేయగలిగినంతయే ఆనాడు కోయవలెను. యంత్రము చేతనున్నదని లేత జొన్నను ముందుగా కోసి వేయుట మరింత ముప్పు. వానలు లేక వడలిన లేత జొన్నలోని నాము విషము పశువును గంటలలో చంపును. పూతకు వచ్చువరకు ఓపిక పట్టుడు.

కొనదలచినవారికి చివరగా రెండు మాటలు. అనంతపురము జిల్లా గార్లదిన్నెలో వ్యవసాయ యంత్రములను పరీక్షించు కేంద్రప్రభుత్వ సంస్థ యున్నది. మీరు చూచు నమూనాకు పరీక్షా నివేదిక యున్నదేమో అడుగుడు. విడిభాగములు మాచర్లలోనో నరసరావుపేటలోనో దొరకునా యని తెలిసికొనుడు. పది రూపాయల మరకై పది దినములు ఆగు యంత్రము ఎంత చవుకగా వచ్చినను ప్రియమే. గేదె ఆకలి మరమ్మతు పూర్తియగువరకు ఆగదు.