బుడగలో పరువెత్తు టార్పెడో

నీరు గాలికంటె సుమారు 800 రెట్లు సాంద్రమైనది. అందుచేత ఆకాశమున గంటకు వేయి కిలోమీటర్లు పోనేర్చిన మానవుడు నీటిలోపల వంద కిలోమీటర్లు దాటుటకే మిక్కిలి శ్రమపడవలసివచ్చెను. విశాఖపట్టణమందలి నౌకా శాస్త్ర సాంకేతిక ప్రయోగశాల రూపొందించిన ‘వరుణాస్త్ర’ టార్పెడో వేగము గంటకు సుమారు 74 కిలోమీటర్లు. సోవియట్ నావికాదళము 1977లో స్వీకరించిన ‘ష్క్వాల్’ వేగము సుమారు 370 కిలోమీటర్లు. ఈ భేదమునకు ఇంజను బలమొక్కటే కారణము కాదు. ష్క్వాల్ దాదాపు నీటిని తాకకయే నీటిలో పోవును.

ఇది విరోధాభాసమువలె తోచవచ్చును. కాని నీరు వేడిచేతనే గాక, ఒత్తిడి తగ్గినను ఆవిరి యగును. ‘టర్బీనియా’ నౌకను నిర్మించిన చార్లెస్ పార్సన్స్, ప్రొపెల్లరు రెక్కలవెంట పుట్టు ఇట్టి ఆవిరిబుడగలే తన ఓడ వేగమును హరించుచున్నవని గ్రహించి, వానిని కన్నులార చూచుటకై 1895లో ఒక చిన్న నీటిసొరంగమును కట్టెను. ఓడవారికి శత్రువైన ఆ బుడగనే సోవియట్ ఇంజనీర్లు 1960 మొదలు వాహనముగా మలచుకొనిరి. ష్క్వాల్ ముక్కున నొక చదునైన బిళ్ళ కలదు. సెకనుకు నూరు మీటర్లకు మించిన వేగమున అది నీటిని చీల్చగా వెనుక బుడగ విచ్చుకొనును. ముక్కువద్దనుండి వాయువును ఊది దానిని తోకవరకు సాగదీయుదురు. బుడగలో ప్రొపెల్లరుకు పట్టు చిక్కదు గనుక రాకెట్టే దానిని నడుపవలెను. లోతు పెరిగిన కొలది నీటి ఒత్తిడి బుడగను కుదించును. పది మీటర్ల లోతున రెండు వాతావరణముల ఒత్తిడియైనచో, నూరు మీటర్ల లోతున అది పదకొండగును.

ఇక దీని లోపములు. మామూలు టార్పెడో శబ్దవేధి. ఓడ చప్పుడును ఆలకించి వెంటాడును. వినుటకు నీటితో స్పర్శ కావలెను. ష్క్వాల్‌కు ముక్కుకొన మినహా ఆ స్పర్శ లేదు, పైగా రాకెట్టు ఘోష. కనుక తొలి ష్క్వాల్ ముందు నిర్ణయించిన దారినే పోయెడిది. మలుపు తిరుగుటయు కష్టమే. వడిగా త్రిప్పినచో దేహము బుడగ గోడను పొడుచుకొని బయటికి వచ్చును. ఆ వేగమున నీరు రాయివంటిది.

దీని ఫలితమును లెక్కవేసి చూతము. తొలి ష్క్వాల్ పరిధి సుమారు 7 కిలోమీటర్లు; ఆ దూరమునకు దానికి 68 సెకనులు పట్టును. గంటకు 55 కిలోమీటర్ల వేగమున పోవు ఓడ ఆలోపల ఒక కిలోమీటరు జరుగును. ఓడ దిక్కు మార్చిన చాలు, 210 కిలోల ప్రేలుడు పదార్థము వృథా! ఆదిలో దీనికి అణ్వస్త్రమునే తలపెట్టిరని చెప్పుదురు. గురి తప్పినను పనిచేయునది అదియొక్కటే గదా. వరుణాస్త్ర పరిధియో, సుమారు 40 కిలోమీటర్లు. అనగా ష్క్వాల్‌ను విడుచు జలాంతర్గామి శత్రువు వాకిటికే పోవలెను. విడిచిన క్షణముననే తన చోటును చాటుకొనును.

అట్లని ఇది నిష్ప్రయోజన మనుట సరికాదు. శత్రు జలాంతర్గామి టార్పెడోను వదలిన చప్పుడు వినబడినచో, ఆ దిక్కునకే ష్క్వాల్‌ను వెంటనే విడువవచ్చును. అప్పుడు శత్రువు తప్పుకొనవలసి, తన టార్పెడోను నడుపుచున్న తీగను తెంపుకొనును. ఇది ఆత్మరక్షణకు వచ్చు వేగము. 2005లో జర్మనులు ముక్కును త్రిప్పి దిశ మార్చుకొను ‘బారకూడా’ను ప్రదర్శించిరి, 2006లో ఇరాను ‘హూత్’ను పరీక్షించెను.