కారు కిటికీ అద్దముల విద్యుత్ స్విచ్చులు – వాని మరమ్మతు

అంతర్వేది, సఖినేటిపల్లి ప్రాంతములలోని మన సంఘసభ్యులలో పాతకారులను కొని వాడుకొనుచున్నవారు ఇప్పుడు పలువురు కలరు. కొబ్బరితోట గలవారైనను, రొయ్యల చెరువు గలవారైనను, రాజోలు ఆసుపత్రికిని, అమలాపురము కచ్చేరీలకును, రేవు దాటి నరసాపురమునకును పోవుటకు ఈ వాహనములనే నమ్ముకొనియున్నారు. మేము ప్రదర్శనల నిమిత్తము గ్రామములకు వెళ్లినప్పుడు, ఎరువులను గూర్చియు తెగుళ్లను గూర్చియు అడుగవలసినవన్నియు అడిగిన పిమ్మట, కారు తలుపు తెరచి, "ఆయ్, అద్దం దిగుతుందండి గానీ ఎక్కట్లేదండి, కాస్త చూద్దురూ" అనుట పరిపాటియైనది. ఇది వ్యవసాయ ప్రదర్శకుని విధులలోనిది కాదు. అయినను ఒకే ప్రశ్నకు పదిచోట్ల సమాధానము చెప్పుటకంటె ఈ పత్రికలో ఒకమారు విపులముగా వ్రాయుట మేలని తలచితిమి.

అద్దము ఎక్కకపోయినంతమాత్రమున ఏమి మునిగినదని కొందరు అనుకొనవచ్చును. మన సీమలో ఆ మాట పైపై మాటగా అనదగినది కాదు. 1852లో ధవళేశ్వరము ఆనకట్ట పూర్తియైన నాటినుండి మనకు కాలువలు ఎన్నియో, కాలువగట్ల మీది దారులు అన్ని. రాత్రివేళ మలుపు తెలియక కారు కాలువలో పడినచో, వెలుపలి నీటి ఒత్తిడివలన తలుపు తెరచుకొనదు. కారు నీటిపై తేలియుండునది మిగుల స్వల్పకాలము. ఆ కొద్ది వ్యవధిలోనే నడుముపట్టీలు విప్పుకొని, అద్దము దింపి, ముందు పిల్లలను వెలికి పంపి, తాము వెలుపలికి రావలెను. నీరు అద్దము మట్టమునకు వచ్చిన తరువాత దానిని దింపుట బహుకష్టము. కావున మీట నొక్కగానే దిగని అద్దమును "తరువాత చూచుకొందము" అని నెలల తరబడి విడిచిపెట్టుట మాకు సమ్మతము కాదు.

ఇక యంత్రపు సంగతి. మేము మిషను బడిలో చదువుకొను దినములలో మా ఉపాధ్యాయులొకరు చిన్న మోటారును బ్యాటరీకి తగిలించి, పిదప తీగలను రెంటిని తారుమారు చేసి, అది వెనుకకు తిరుగుటను చూపించిరి. కారు అద్దపు రహస్యమంతయు అందులోనే యున్నది. తలుపు లోపల 12 వోల్టుల మోటారు ఒకటి యుండును. దానికి తీగలు రెండు. మీటను ముట్టనప్పుడు ఆ రెండు తీగలును స్విచ్చి ద్వారా కారు ఇనుపదేహమునకు, అనగా ఎర్తునకు, కలిసియుండును. మీటను పైకి ఎత్తినప్పుడు ఒక తీగ ఎర్తును విడిచి బ్యాటరీ ధనధ్రువముతో కలియును. రెండవది ఎర్తుననే నిలుచును. మీటను క్రిందికి నొక్కినప్పుడు ఇదియే తారుమారగును. ఈ కలియుటయు విడుటయు స్విచ్చిలోని చిన్న రాగిపట్టీల కొనల వద్ద జరుగును. పంపుసెట్టు స్టార్టరులోని కాంటాక్టులు కాలి నల్లబడుటను మన రైతులందరును ఎరుగుదురు. ఇచ్చటి వ్యాధియు అదియే. పైగా మన మోటారుషెడ్డులోని విద్యుత్తు క్షణమునకు నూరుమార్లు సున్నకు వచ్చి పోవును గనుక అందలి నిప్పురవ్వ తనంత తానే ఆరును. కారులోని ప్రవాహము ఒకే ముఖముగా పారునది. రవ్వ ఆరుటకు అట్టి అవకాశము లేదు.

దీనికి తోడు మన గాలి. అంతర్వేది యొద్ద వసిష్ఠ గోదావరి సముద్రమున కలియుచున్నది. అచ్చటి గాలిలో ఉప్పుతుంపర ఎల్లవేళల నుండును. ఉప్పు గాలిలోని తేమను పీల్చుకొను స్వభావము గలది గనుక, వాన లేని దినములలోను అది పడిన చోటు చెమ్మగనే యుండును. స్విచ్చిలోని రాగిపై పచ్చని చిలుము పట్టుటకు అంతకన్న వేరొక కారణము అక్కరలేదు. ఊరిలోపల పదియేండ్లు నడచిన స్విచ్చి సముద్రపుటొడ్డున సగము కాలమైనను నిలువకపోవుటలో వింత లేదు.

స్విచ్చిని విప్పుటకు పూర్వము దోషము దానిదేనా యని తేల్చుకొనవలెను. నాలుగు అద్దములును ఒకేమారు నిలిచిపోయినచో స్విచ్చిని అనుమానింపక మొదట ఫ్యూజును చూడవలెను. ఫ్యూజు కాలినచో దానిమీద వ్రాసిన ఆంపియర్ల సంఖ్యగలదానినే వేయవలెను. పెద్ద ఫ్యూజు వేయుట, వెండికాగితము చుట్టుట, తీగను కాల్చుటకు మనమే అనుమతి ఇచ్చుట. ఒక్క అద్దమే నిలిచినచో, రాత్రివేళ లోపలి దీపము వెలిగించి మీట నొక్కి చూడుడు. దీపము కొంచెము మందగించినచో విద్యుత్తు మోటారువరకు పోవుచున్నదన్నమాట. అద్దము గాడిలో బిగిసినది, లేదా మోటారు చెడినది. దీపము చలింపనిచో విద్యుత్తు దారిలో ఎచ్చటనో ఆగినది.

అద్దము ఒకవైపు మాత్రమే కదలినచో అది మంచి గుర్తు. దిగుచున్నదనగా మోటారు బాగున్నది, ఫ్యూజు బాగున్నది. అప్పుడు దోషము సాధారణముగా స్విచ్చిలోని ఏదో ఒక కొన వద్దనే యుండును. ఇందులో ఒక సూక్ష్మము కలదు. ఎక్కుటకు ఒక కొన బ్యాటరీతో కలిసిన చాలదు, రెండవ కొన ఎర్తుతో సరిగా కలిసియుండవలెను. కావున "పైకి" అను వైపునున్న కొనను మాత్రమే తుడిచి, మరమ్మతు ఫలింపలేదని నిరాశపడువారు గలరు. రెండువైపులను తుడువవలెను.

మరియొక చిక్కు ఏమనగా, పాతకారులలో పెక్కింట ఇతర తలుపుల స్విచ్చులకు పోవు తీగలు డ్రైవరు వద్దనున్న పెద్ద స్విచ్చి గుండనే పోవును. వెనుకతలుపు మీట నొక్కినను అద్దము కదలకపోవుటకు కారణము డ్రైవరు తలుపులోని చిలుము కావచ్చును. వెనుక స్విచ్చిని కొని వేసి డబ్బు వ్యర్థపరచుకొన్నవారిని మేమెరుగుదుము. రెండు వెనుకతలుపుల స్విచ్చులు ఒకే రకమువైనచో వానిని పరస్పరము మార్చి చూచుట ఖర్చులేని పరీక్ష. తలుపును కొంత తెరచినప్పుడు పనిచేసి, మూసినప్పుడు పనిచేయనిచో, తలుపునకును కారు దేహమునకును మధ్యనున్న రబ్బరు గొట్టములో తీగ తెగియుండును. అది స్విచ్చి దోషము కాదు.

ఇప్పుడు మేము చేసిన పొరపాటును దాచక చెప్పవలెను. ఒక సంవత్సరము భీష్మ ఏకాదశినాటి ఉత్సవమునకు మేము కుటుంబముతో అంతర్వేదికి పోయి, ఎండకు ఓర్వలేక అద్దములు దింపి, కారును సముద్రపుటొడ్డున నిలిపితిమి. సాయంకాలమువరకు గాలి ఇసుకను, తుంపరను తెచ్చి తలుపులో పోసినది. వారము తిరుగకమునుపే డ్రైవరువైపు మీట బిగిసినది. బిగిసినదానికి నూనె వేయుట మనకు అలవాటే గదా! ఇంటనున్న కొబ్బరినూనెను నాలుగు బొట్లు మీట సందులో వేసితిమి. రెండు నెలలు మెత్తగా పనిచేసినది. మా తెలివికి మేమే సంతోషించితిమి. వానకాలమున ఒకనాటి సాయంకాలము కారులో కాలిన కంపు పుట్టెను. చేతితో తాకగా మీటలపలక వేడిగా నుండెను. వెంటనే కారు ఆపి బ్యాటరీ తీగను ఊడదీసితిమి. తరువాత విప్పి చూడగా నూనెయు, ధూళియు, నిప్పురవ్వల మసియు కలిసి నల్లని ముద్దయై, దాని క్రింది ప్లాస్టిక్కు గోధుమరంగునకు మాడియుండెను. మసి బొగ్గే గదా. దానిగుండ విద్యుత్తు పారును. పారవలసిన చోట పారక, పారరాని చోట పారి వేడిని పుట్టించినది.

ఇది మా ఒక్కరి అనుభవమే కాదు. 2010 జనవరిలో హోండా సంస్థవారు ప్రపంచమునందు సుమారు 6 లక్షల 46 వేల జాజ్, సిటీ మున్నగు కారులను ఈ స్విచ్చి నిమిత్తమే వెనుకకు పిలిచిరి. తెరచిన కిటికీగుండ వచ్చిన నీరు డ్రైవరువైపు స్విచ్చిలో చేరి వేడి పుట్టి మంట లేచు అపాయము కలదని కనుగొనిరి. దక్షిణాఫ్రికాలో 2009లో అట్టి కారు తగులబడి ఒక పసిబిడ్డ మరణించినది. మన దేశములో 8,532 సిటీ కారులు ఆ పిలుపులో చేరినవి. 2012 అక్టోబరులో టొయోటా సంస్థవారు 74 లక్షలకు పైగా కారులను పిలిచిరి. అచ్చటి కారణము స్విచ్చిలో గ్రీజు సమముగా పూయబడకపోవుట. బిగిసిన మీటలో అంగడిలో దొరకు నూనెలను వేసినచో స్విచ్చి కరగి పొగ లేవవచ్చునని వారు స్పష్టముగా హెచ్చరించిరి. కొబ్బరినూనె వేసిన మాకు ఆ హెచ్చరిక చదివినప్పుడు కలిగిన సిగ్గు ఇంతింత కాదు. పాతకారు కొన్నవారు దాని ఛాసిస్ సంఖ్యను ఆ సంస్థవారి సర్వీసు కేంద్రమున చూపి, అట్టి పిలుపు ఏదియైన మిగిలియున్నదేమో అడుగుట మంచిది.

మరమ్మతు విధానము ఇట్లుండవలెను. మొదట బ్యాటరీ ఋణధ్రువపు తీగను ఊడదీయవలెను. మీటలపలకను ఇనుప స్క్రూడ్రైవరుతో పెకలించినచో గీతలు పడును. సన్నని వెదురుబద్దకు గుడ్డచుట్టి ఎత్తిన సులువుగా లేచును. తీగల ప్లగ్గును తీగలు పట్టి లాగరాదు. దాని కొక్కెమును నొక్కి ఊడదీయవలెను. ప్రతి దశయందును చేతిఫోనుతో ఫొటో తీసికొనుడు. విప్పునప్పుడు అందరును తెలివైనవారే, బిగించునప్పుడు కదా చిక్కు! స్విచ్చి పెట్టెను విశాలమైన కంచములో నుంచి, అంచుల కొక్కెములను ఒక్కొక్కటిగా మెల్లగా విడదీయవలెను. లోపల ఆవగింజలవంటి గుండ్లును, స్ప్రింగులును ఉండును. ఎగిరిపోయినచో మరల దొరకవు.

రాగికొనలపై నల్లని మసియో పచ్చని చిలుమో కనబడును. పాతగ్రీజును మందుల అంగడిలోనో ఎలక్ట్రానిక్ అంగడిలోనో దొరకు ఐసోప్రొపైల్ ఆల్కహాలులో తడిపిన గుడ్డతో సాంతము తుడువవలెను. పెట్రోలు వాడరాదు, అది ప్లాస్టిక్కును చెరుపును, మంటకు దగ్గర చుట్టము. కొనలను 1000 సంఖ్యకు తగ్గని నున్నని గరుకుకాగితముతో మృదువుగా రెండు మూడు మార్లు మాత్రమే రుద్దవలెను. వానిపై పలుచని వెండిపూత యుండును. ఆకురాయి పట్టినచో ఆ పూత పోయి, మరమ్మతు చేసిన స్విచ్చి మునుపటికంటె త్వరగా చెడును. తుడిచిన పిమ్మట నీడను పూర్తిగా ఆరనిచ్చి, విద్యుత్ స్విచ్చులకై చేసిన గ్రీజును మీట తిరుగు ఇరుసు వద్ద మాత్రము పలుచగా రాయవలెను. ప్లాస్టిక్కు కరగియున్నను, కొన గుంటపడి సన్నగిల్లియున్నను తుడుచుట వ్యర్థము. క్రొత్తది కొనవలెను. ఈ విషయమున మేము పిసినారితనమునకు తావీయము. ఒక్క నొక్కుతో అద్దము మొత్తము దిగు ఏర్పాటుగల స్విచ్చిలో చిన్న ఎలక్ట్రానిక్ పలక యుండును. దానిని తెలిసిన మేస్త్రీకి అప్పగించుట మేలు.

ఇంతవరకు చేసి ఊరకున్నచో ఆరుమాసములలో వ్యాధి తిరుగబెట్టును. ఏలయనగా స్విచ్చి తనంత తాను కాలదు. అద్దపు గాడిలో ఇసుకయు ఉప్పును చేరి రబ్బరు బిగిసినప్పుడు, మోటారు ఈడ్వలేక అధిక ప్రవాహమును లాగును. ఆ భారమంతయు ఆ చిన్న రాగికొనలమీద పడును. అద్దము పూర్తిగా ఎక్కిన పిమ్మట కూడ మీటను పట్టియుంచు పిల్లల చేష్టవలనను ఇట్లే జరుగును. కావున గాడిని మంచినీటితో కడిగి, పాత పండ్లకుంచెతో ఇసుక తీసి, ఆరిన తరువాత రబ్బరునకు సిలికాన్ స్ప్రే కొట్టవలెను. ఇంజిను ఆయిలు రబ్బరును ఉబ్బించును. తలుపు అడుగున నీరు పోవుటకు చిన్న రంధ్రములుండును. అవి ఇసుకతో మూసుకొనియున్నచో సన్నని పుల్లతో తెరువవలెను. లేనిచో తలుపు లోపల చిన్న ఉప్పుమడి తయారగును. సముద్రపుటొడ్డునకు పోయివచ్చిన దినమున కారును మంచినీటితో కడుగుట తప్పనిసరి.

పిల్లలున్న ఇండ్లవారికి ఒక్క మాట. పాతకారులలో మోకాలు తగిలినను అద్దము ఎక్కు మీటలు కలవు. అడ్డమువచ్చిన చేతినిగాని మెడనుగాని గుర్తించి ఆగు ఏర్పాటు వానిలో నుండదు. ఇట్టి అపాయముల నిమిత్తమే, పొరబాటున నొక్కుకొనని రీతిగా మీటలను అమర్చవలెనని అమెరికాలో 2004లో నిబంధన చేసిరి. మీ కారులో డ్రైవరు వద్ద వెనుక అద్దములను బంధించు మీట యుండినచో, పిల్లలు ఎక్కినప్పుడు దానిని నొక్కియుంచుడు. కాలువగట్టు దారిపట్టునప్పుడు మాత్రము దానిని విడువుడు. పక్క అద్దమును పగులగొట్టు మొనగల చిన్న సుత్తిని డ్రైవరు చేతికందు చోట కట్టియుంచుడు. ముందరి అద్దము దానికి లొంగదు.

మరమ్మతు ముగిసిన దినమున ఇంజిను నడచుచుండగా ప్రతి అద్దమును అడుగునుండి ఎక్కించి, ఎన్ని క్షణములు పట్టినదో చేతిగడియారముతో చూచి, పాడిలెక్కల పుస్తకములోనో మరియెచ్చటనో తారీఖుతో వ్రాసియుంచుడు. మా కారులో ఐదు క్షణములు పట్టినది. మూడు నెలలకొకమారు మరల చూచుచుండుడు. ఆ సంఖ్య ఏడుకో ఎనిమిదికో పెరిగినచో స్విచ్చిని ముట్టనక్కరలేదు. గాడిని కడుగవలసిన కాలము వచ్చినదన్నమాట.