ఇల్లు మారినా పేర్లు పోలేదు

పెళ్ళయ్యాక మేం ఆరు అద్దె ఇళ్ళు మారాం. ప్రతిసారీ బీరువా, మంచాలు భద్రంగా లారీ ఎక్కేవి. పిల్లల ఎత్తు కొలిచి గీతలు గీసిన తలుపు మాత్రం అక్కడే ఉండిపోయేది. కిందటి నెల మా చెల్లెలు ఫోన్ చేసి, "మేమూ మారుతున్నాం అక్కా" అంటే, అద్దె పెంచారు కాబోలు అనుకున్నాను. తీరా చూస్తే మారేది తను కాదు, తన సాఫ్ట్‌వేర్!

పాత డీటీపీ ఫాంట్లలో ఉండిపోయిన నా కథల్లాంటి వాటిని యూనికోడ్‌లోకి మార్చే సాఫ్ట్‌వేర్ అది. చెల్లెలూ, స్నేహితులూ కలిసి తయారుచేశారు. ఎవరైనా ఉచితంగా వాడుకోవచ్చు, లోపలి కోడ్ చూసి సరిదిద్దవచ్చు. ఓపెన్ సోర్స్ అంటే అదేనట.

అలాంటి కోడ్ దాచుకోవడానికి ఇంటర్నెట్‌లో ఓ చోటు కావాలి. అదీ ఒకరకంగా అద్దె ఇల్లే. 2006లో మొదలైన 'గూగుల్ కోడ్' 2015 మార్చిలో నోటీసిచ్చి, 2016 జనవరిలో తలుపులు మూసేసింది. అందులోని వాళ్ళంతా మూటాముల్లే సర్దుకోవాల్సి వచ్చింది.

"కంపెనీ ఇంట్లో కన్నా, సభ్యుల చందాలతో నడిచే సంఘం ఇంట్లో ఉండాలని మా కోరిక. అందుకే బెర్లిన్ వాళ్ళ కోడ్‌బర్గ్‌కి వెళ్తున్నాం" అంది చెల్లెలు.

"తాజా కాపీ ఒకటి అక్కడ పెట్టేస్తే సరిపోదూ?" అన్నాను.

"ఫైళ్ళొస్తాయి అక్కా, పేర్లు పోతాయి."

గిట్ అనే పద్ధతిలో ఏ మార్పు ఎవరు, ఏ రోజు చేశారో అంతా నమోదై ఉంటుంది. మిర్రర్ కాపీ తీస్తే ఆ చరిత్రంతా కదిలివస్తుంది. నెలలు నిండేదాకా ఒత్తులు సరిచేసి, కాన్పు తర్వాత ఉద్యోగమే మానేసిన స్నేహితురాలి పేరుతో సహా! కానీ, వాడినవాళ్ళు రాసిన ఫిర్యాదులు, వాటికిచ్చిన జవాబులు ఆ చరిత్రలో ఉండవు. వాటిని విడిగా తెచ్చుకోవాలి. కొత్తచోట అందుకో ఏర్పాటుంది. రెండు రాత్రులు కూర్చుని అవీ తెచ్చారు. పాతచోట కొత్త చిరునామా రాసిపెట్టి, ఇక మార్పులు చెయ్యకుండా తాళం వేశారు.

మొన్న ఆ కొత్తిల్లు చూశాను. "'క్ష' ఉన్నచోటల్లా డబ్బాలొస్తున్నాయి" అని నాలుగేళ్ళ కిందట నేను రాసిన ఫిర్యాదు, నా పేరుతో సహా అక్కడుంది. ముప్ఫయ్యేళ్ళు ఉమ్మడి కుటుంబానికి వండిపెట్టిన మా అమ్మ పేరు ఏ గోడ మీదా లేదు. ఎందుకో కళ్ళు చెమర్చాయి.

ఈసారి ఇల్లు మారితే, ఆ తలుపు మీది గీతల్ని కాగితం మీదికి దించుకున్నాకే లారీని పిలుస్తాను!