పాత జీపుల్లో ‘టక్’ శబ్దం: లోపాన్ని గుర్తించే క్రమం

కృష్ణా జిల్లాలోని బాపులపాడు మండలం ఒకవైపు 16వ నంబరు జాతీయ రహదారికి, మరొకవైపు నూజివీడు మామిడి తోటలకు చేరువలో ఉంది. మామిడి కోతల కాలంలో, ముఖ్యంగా తొలకరికి మట్టి బాటలు మెత్తబడినప్పుడు, నాలుగు చక్రాలకూ శక్తి అందే జీపు కాయను తోట నుండి రోడ్డుకు చేర్చడానికి అక్కరకు వస్తుంది. ఇటువంటి వాహనం పాతబడినకొద్దీ క్లచ్ వదిలినప్పుడు, యాక్సిలరేటరు తొక్కి వదిలినప్పుడు బండి అడుగు నుండి ‘టక్’మని శబ్దం రావడం సాధారణం. ఆ శబ్దం వినగానే డిఫరెన్షియల్ విప్పించడం వృథా ఖర్చు కావచ్చు. పట్టించుకోకుండా బరువు వేసి నడపడం ప్రమాదకరం.

శబ్దానికి కారణం

ఇంజను శక్తి గేరుబాక్సు, ట్రాన్స్‌ఫర్ కేసు, ప్రొపెల్లర్ షాఫ్టు, డిఫరెన్షియల్, యాక్సిల్‌ల మీదుగా చక్రాన్ని చేరుతుంది. గేరు పళ్ల మధ్య నూనె పొర నిలవడానికి, వేడికి లోహం వ్యాకోచించడానికి కొద్దిపాటి ఖాళీ అవసరం. క్రౌన్, పినియన్ పళ్ల మధ్య ఇది సాధారణంగా 0.1 నుండి 0.2 మి.మీ. వరకు ఉంటుంది. అరుగుదల వల్ల ప్రతి భాగంలోనూ ఈ ఖాళీ కొంత పెరుగుతుంది. మెకానిక్కులు ‘ప్లే’ అని పిలిచే ఈ వదులంతా శక్తి దిశ మారినప్పుడు ఒక్కసారిగా మూసుకుపోవడం వల్ల శబ్దం పుడుతుంది.

డిఫరెన్షియల్ నిష్పత్తి 5:1 అయితే ప్రొపెల్లర్ షాఫ్టు 5 చుట్లు తిరిగినప్పుడు చక్రం ఒక చుట్టు తిరుగుతుంది. అందువల్ల రెండు యాక్సిల్‌ల పళ్లలో 2 డిగ్రీల వదులున్నా షాఫ్టు వద్ద అది 10 డిగ్రీలుగా కనిపిస్తుంది. షాఫ్టు ఎక్కువగా కదిలినంత మాత్రాన క్రౌన్-పినియన్ పాడైనట్లు భావించరాదు.

పరీక్షకు ముందు జాగ్రత్తలు

బండిని చదునైన నేలపై నిలిపి, ఇంజను ఆపి, చక్రాలన్నింటికీ ముందూ వెనుకా చెక్క దిమ్మెలు గట్టిగా పెట్టాలి. కొన్ని పాత జీపుల్లో హ్యాండ్ బ్రేకు చక్రాల వద్ద కాక, ట్రాన్స్‌ఫర్ కేసు వెనుక భాగంలో ఉంటుంది. ఇటువంటి బండిలో వెనుక చక్రం ఒకటి జాకీతో లేపితే, లేచిన చక్రం స్వేచ్ఛగా తిరిగి, బ్రేకు వేసి ఉన్నా బండి కదిలిపోవచ్చు. వెనుక షాఫ్టు జాయింటు విరిగితే చక్రాలకు శక్తి అందదు, హ్యాండ్ బ్రేకు కూడా పనిచేయదు. కాయల బరువుతో ఎత్తుపై నిలిపిన బండికి ఇది ప్రాణాపాయం. జాకీ ఒక్కదానినే నమ్మి బండి కిందికి వెళ్లరాదు.

శబ్దాన్ని బట్టి అనుమానం

తక్కువ వేగంలో లయగా ‘కీచు’మనే శబ్దం గ్రీజు ఎండిన క్రాసు బేరింగులను సూచిస్తుంది. వేగంతో పెరిగే వణుకు షాఫ్టు వంకరను, బ్యాలెన్సు తప్పడాన్ని లేదా క్రాసు అరుగుదలను తెలుపుతుంది. యాక్సిలరేటరు తొక్కినప్పుడు, వదిలినప్పుడు మారే ఈల వంటి మోత క్రౌన్-పినియన్‌కు లేదా వాటి బేరింగులకు చెందినది కావచ్చు. స్టీరింగు తిప్పినప్పుడు మాత్రమే వచ్చే ‘టకటక’ శబ్దానికి కారణం ముందు యాక్సిల్ జాయింట్లలో వెతకాలి.

వరుస పరీక్ష

మొదట స్ప్రింగు కట్టలను యాక్సిల్‌కు బిగించే యు-బోల్టులు, షాఫ్టు ఫ్లాంజి బోల్టులు, ఇంజను, గేరుబాక్సు రబ్బరు మౌంటింగులు చూడాలి. ఇవి వదులైనా అదే శబ్దం వస్తుంది.

తరువాత గేరును, ట్రాన్స్‌ఫర్ కేసును న్యూట్రల్‌లో ఉంచి, హ్యాండ్ బ్రేకు వదిలి, ఒక్కొక్క షాఫ్టును చేతితో అటూ ఇటూ తిప్పాలి. క్రాసుకు రెండు వైపులా ఉన్న యోకులు ఒకదానికొకటి భిన్నంగా కదిలితే క్రాసు అరిగినట్లే. మంచి క్రాసులో చేతికి తెలిసే వదులు ఉండదు. షాఫ్టు జారే పళ్ల భాగాన్ని కూడా ఇలాగే చూడాలి.

జాయింట్లు బాగుండి, పినియన్ ఫ్లాంజి తిరుగుతూ ఉంటే వదులు డిఫరెన్షియల్‌లో లేదా యాక్సిల్ పళ్లలో ఉంది. ఫ్లాంజికి, హౌసింగుకు సుద్దతో గీతలు గీసి కదలికను నమోదు చేసుకుంటే తరువాతి పరీక్షతో పోల్చవచ్చు. ఫ్లాంజి పైకీ కిందికీ ఊగితే పినియన్ బేరింగు పాడైంది. డిఫరెన్షియల్ ఆయిల్‌లో సన్నని బూడిద రంగు పొడి సహజం. లోహపు ముక్కలు కనిపిస్తే హౌసింగును విప్పక తప్పదు. ఆయిల్ పాల రంగుకు మారితే నీరు చేరినట్లు గ్రహించాలి. పళ్ల ఖాళీని డయల్ గేజీతో కొలిచిన తరువాతే క్రౌన్-పినియన్ మార్చాలా అన్నది నిర్ణయించాలి.

నడపడంలో జాగ్రత్త

పాత జీపుల్లో ముందు, వెనుక యాక్సిల్‌ల మధ్య డిఫరెన్షియల్ ఉండదు. మలుపులో ముందు చక్రాలు ఎక్కువ దూరం తిరుగుతాయి. మెత్తని తోట బాటలో చక్రం కొద్దిగా జారి ఆ తేడాను సర్దుకుంటుంది. తారు రోడ్డుపై జారలేక ఒత్తిడి షాఫ్టులపై పడుతుంది. కనుక తోట దాటి హనుమాన్ జంక్షన్ వైపు రోడ్డెక్కే ముందే ఫోర్ వీల్ లివరును టూ వీల్‌కు మార్చాలి. నాలుగు టైర్లూ ఒకే సైజులో, సరిసమానంగా అరిగినవై ఉండాలి.

బురదలో నడిచిన తరువాత, క్రాసు నాలుగు చివరల నుండీ కొత్త గ్రీజు బయటికి వచ్చే వరకు గ్రీజు గన్‌తో ఎక్కించాలి. షాఫ్టు విప్పే ముందు యోకులపై గుర్తులు పెట్టి, అదే వరుసలో బిగించాలి. వరుస తప్పితే వణుకు మొదలవుతుంది. కోతలు ప్రారంభం కాక ముందే ఈ పరీక్ష పూర్తి చేసుకుంటే, చిన్న క్రాసుతో తీరే లోపం కాయల బరువుతో నడిదారిలో బయటపడదు.